‘మీరేమోళ్లు?’ అని అడిగేవాళ్లకు ఏం చెబుదాం?

మనిషి ఇంకో మనిషికి తానెవరో చెప్పుకోవటం పది మాటల పని. పేరు, ఊరు, చేసే పని, వచ్చిన కారణం. ఇంతే. ఇంత చిన్న పని మీద పత్రికలో ఇన్ని పేజీలు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. తాత పేరు చెబితే కుర్చీ వేసే ఇళ్లల్లో పుట్టినవాళ్లకు అట్లా అనిపించటం సహజమే. మన తాత పేరు చెబితే వేసిన కుర్చీ కూడా లోపలికి పోయేది. డిగ్రీ పట్టా పట్టుకుని వాడలోంచి మొదటిసారి ఆఫీసు గడప ఎక్కుతున్న మన పిల్లలు చదువు రాక వెనక్కి రావటం లేదు. చాలామంది పేరు చెప్పుకునే కాడనే తడబడి వెనక్కి వస్తున్నరు. ఆ తడబాటు వాళ్ల తప్పు కాదు. దానికి వెయ్యేండ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తేనే మందు దొరుకుతుంది.

మేము సైనిక్‌పురి చుట్టుపక్కల సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి, సాయంత్రాలు వాడల్లో తిరిగేవాళ్లం. ఈ కాలనీ సంగతి సికింద్రాబాద్‌లో చాలామందికి తెలుసు. సైన్యంలో కొలువు చేసినవారి కోసం సహకార పద్ధతిలో వెలసిన ఊరు. ఒక్కసారి ఆ వీధుల్లో నడిచి గేట్ల మీద పలకలు చదవండి. కల్నల్ ఫలానా, రిటైర్డ్. వింగ్ కమాండర్ ఫలానా, రిటైర్డ్. ర్యాంకు ముందు, పేరు తర్వాత. కొలువు అయిపోయినా ఆ గౌరవం అయిపోదు, సైన్యం నియమమే అది. దీంట్లో మాకు తప్పేమీ కనపడలేదు. మనిషిని చేసిన పనితో గుర్తించటం మంచి పద్ధతి. మా ప్రశ్న ఒక్కటే. పొద్దున్నే అదే గేటు తీసుకుని లోపలికి పోయి అంట్లు తోమే తల్లికి పలక ఏది? ముప్పై ఏండ్లు రోడ్లూడ్చి దిగిపోయిన అవ్వ పేరు ముందు ఏముంది, వెనక ఏముంది? ఆమె ‘పనామె’. ఈమె ‘ఊడ్చేటామె’. పేరు అడిగిన పాపాన పోయినవాళ్లు ఎందరు?

పరిచయం అంటే మర్యాద అని పుస్తకాలు చెబుతయి. మేము అంటున్నది, పరిచయం అంటే అధికారం. ఎవరు ఎవరి పేరు అడుగుతారు, ఎవరు ఎవరిని పేరు పెట్టి పిలుస్తారు, ఎవరి పేరు చివర ‘గారు’ ఉంటుంది, ఎవరి పేరు చివర ‘గాడు’ ఉంటుంది - ఊరి పెత్తనం అంతా ఇక్కడనే కనపడుతుంది. ఎల్లయ్య ఎల్లిగాడవుతాడు, పోచమ్మ పోశి అవుతుంది. రిజర్వేషన్‌లో గెలిచి సర్పంచ్ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూడా ‘ఒరేయ్’ అని పిలిచే ఊర్లు ఇంకా ఉన్నయి.

పేరు కోసం జరిగిన పోరాటం

మన ఉద్యమంలో పేరు కోసం పోరాటం నిన్న మొన్నటిది కాదు. 1888లో హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి భాగ్యరెడ్డి వర్మగా నిలబడ్డాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1917లో బెజవాడలో సభ జరిగితే అధ్యక్ష పీఠం మీది నుంచి ఆయన అడిగిన మొదటి ప్రశ్న పేరు గురించే. మమ్మల్ని ‘పంచములు’ అనటానికి మీరెవరు? మేము ఈ నేల మొదటి బిడ్డలం, ఆది ఆంధ్రులం అన్నాడు. సభ పేరే మారిపోయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో పాత పేర్లు తీసేసి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయవలసి వచ్చింది. ఇటు నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు. ఎదుటివాడు తగిలించిన పేరు తీసి పారేసి, మన పేరు మనం చెప్పుకోవటం. దీన్ని మించిన పరిచయం ఏముంది?

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగింది. తిట్టుగా వాడిన ‘మాదిగ’ అన్న మాటను మంద కృష్ణ తన పేరు చివర పెట్టుకున్నాడు. వెనక వందలమంది పెట్టుకున్నారు. రెడ్డి, రావు, శర్మ, చౌదరి అని గర్వంగా చెప్పుకునే సమాజంలో మేమెందుకు దాచుకోవాలె అని అడిగారు. సభల్లో ఆ పేర్లు చదువుతుంటే కొందరికి చెవుల్లో సీసం పోసినట్టయింది. 2016లో కంచ ఐలయ్య తన పేరుకు ‘షెపర్డ్’ అని చేర్చుకున్నారు. ఇవన్నీ ఒక్క మాటే చెబుతున్నయి. నేనెవరో చెప్పే హక్కు నాది.

ఆ హక్కు లేనప్పుడు ఎంత చదువైనా ఏమవుతుందో బాబాసాహెబ్ స్వయంగా రాసి పెట్టాడు. 1917లో ఆయన అమెరికా, లండన్ చదువుల నుంచి వచ్చి బరోడా సంస్థానంలో కొలువుకు చేరాడు. కొలంబియా విశ్వవిద్యాలయం చదువు చేతిలో ఉన్నది. ఊళ్లో తలదాచుకునే గది మాత్రం లేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉండవలసి వచ్చింది. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని గుంపు వచ్చింది. నువ్వెవరు, మా పేరు పెట్టుకుని ఇక్కడెందుకున్నావు అని నిలదీసింది. హిందూ మిత్రుడు చోటివ్వలేదు, క్రైస్తవ మిత్రుడు ఇవ్వలేదు. పగలంతా తోటలో కూర్చుని రాత్రి బొంబాయి రైలెక్కాడు. ఆ ‘నువ్వెవరు’ అన్న ప్రశ్న ఇప్పటికీ చావలేదు. కర్ర వదిలేసి పెన్ను పట్టుకుని ఇంటర్వ్యూ బల్ల వెనక కూర్చుంది.

ఇది మా ఆవేశం కాదు, లెక్కలున్నయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు, 66 వారాలపాటు, 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒక్కటే, అర్హత ఒక్కటే. పేర్లు మాత్రమే వేరు. 2007లో ఫలితం అచ్చయింది. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం 0.67 వంతు, ముస్లిం పేరుకు 0.33 వంతు. మనిషి ముఖం చూడలేదు, మాట వినలేదు. పేరు చూసి పక్కన పెట్టారు. అమెరికాలో 2004లో అచ్చయిన ఇలాంటి పరిశోధనలోనూ నల్లవారి పేర్ల కంటే తెల్లవారి పేర్లకు యాభై శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. రంగు పోయి కులం వచ్చింది, అంతే తేడా.

కాబట్టి మర్యాదగా మాట్లాడటం నేర్చుకుంటే అన్నీ దొరుకుతయని మేము పిల్లలకు అబద్ధం చెప్పం. పక్షపాతం పోయేది చట్టంతో, పోరాటంతో. అయితే పోరాటం గెలిచేదాకా మన పిల్లలు తడబడుతూ నిలబడాలా? వద్దు. మనం మార్చగలిగింది మనం మార్చుకుందాం.

‘బాంచెన్’ మాట మెయిల్లోకి వచ్చింది

పాత అర్జీలు చూసినవాళ్లకు తెలుసు. ‘మహారాజశ్రీ దొరవారి సముఖమునకు’ అని మొదలై ‘తమ పాదసేవకుడు’ అని ముగిసేవి. ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అన్న మాటకు అది కాగితం రూపం. గడీలు కూలినయి. కానీ ఇవాళ్టి డిగ్రీ పిల్లవాడు ఉద్యోగానికి మెయిల్ రాస్తే చూడండి. ‘రెస్పెక్టెడ్ సర్, నేను చాలా పేదవాణ్ణి, మీ దయ ఉంచి ఏదో ఒక ఉద్యోగం ఇప్పించగలరు, యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్.’ బాంచెన్ అన్న మాట ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని వచ్చింది. దీంట్లో తాను ఏం చదివాడో లేదు, ఏ ఉద్యోగమో లేదు, ఏ పని వచ్చో లేదు. దీనత్వం ఒక్కటే ఉన్నది. దయ అడిగినవాడికి దయ కూడా రాదు.

ఎట్లా రాయాలె? ఇదిగో, ఇట్లా.

‘నమస్తే. నా పేరు ఫలానా. 2024లో ఫలానా కాలేజీ నుంచి బీకాం పాసయ్యాను. మీ సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగ ప్రకటన చూసి రాస్తున్నాను. ఏడాదిగా ఒక దుకాణంలో ట్యాలీలో లెక్కలు రాస్తున్నాను, జీఎస్టీ రిటర్నుల పని వచ్చు. నా వివరాల కాగితం జతపరిచాను. మీరు చెప్పిన రోజు వచ్చి కలవగలను. - పేరు, ఫోను నంబరు.’

ఆరేడు వాక్యాలు. ఎవరు, ఏం చేశారు, ఎందుకు రాస్తున్నారు, ఏం అడుగుతున్నారు. ఇంగ్లీషులో రాసినా ఇదే వరస. పైన సబ్జెక్టు లైను ఖాళీగా వదలకూడదు. ఉద్యోగం పేరు, మీ పేరు అక్కడ రాస్తే వంద మెయిళ్లలో మీది దొరుకుతుంది. ‘సర్’ అని రాసేటప్పుడు అవతల ఉన్నది మేడమ్ కావచ్చని గుర్తుంచుకోండి. పేరు తెలిస్తే పేరుతో రాయండి, ‘గారు’ చేర్చండి. అంతకంటే వంగనవసరం లేదు.

ఇంకొన్ని చిన్న సంగతులు, వీటి దగ్గరే పెద్ద నష్టాలు జరుగుతున్నయి. మెయిల్ ఐడీ మీ పేరుతోనే ఉండాలె. ‘క్యూట్‌బాయ్ 143’ అన్న ఐడీ నుంచి వచ్చిన దరఖాస్తు తెరవకముందే నవ్వుల పాలవుతుంది. ఐడీని ఇంటర్నెట్ సెంటరువాడి ఫోను నంబరుతో తెరిపించవద్దు. పాస్‌వర్డ్ వాడి దగ్గర ఉండిపోతే, ఇంటర్వ్యూ పిలుపు వచ్చినా మీకు తెలియదు. మీ నంబరుతో మీరే తెరవండి, వారానికి రెండుసార్లైనా చూడండి. పది మెమోలో పేరు ఎట్లా ఉన్నదో ఆధార్, బ్యాంకు, దరఖాస్తు అన్నింట్లో అట్లనే ఉండాలె. మన తెలుగు పేర్లలో ఇంటి పేరు ముందు, అసలు పేరు తర్వాత. కంపెనీ ఫారాలు ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని వేరుగా అడుగుతయి. ‘ఫస్ట్’ అంటే వరసలో ముందున్నది అనుకుని ఇంటి పేరు నింపితే జీవితాంతం ఆఫీసులో ఇంటి పేరుతోనే పిలుస్తారు. ఫస్ట్ నేమ్ దగ్గర మీ అసలు పేరు, లాస్ట్ నేమ్ దగ్గర ఇంటి పేరు. ఇది బడిలోనే చెప్పవలసిన పాఠం. తోటి పంతుళ్లకు కూడా ఒక మాట. బడి రిజిస్టరులో తొలిసారి పేరు రాసేది మన చెయ్యే. అవ్వ, అయ్య చెప్పిన పేరు పూర్తిగా, గౌరవంగా, తప్పు లేకుండా రాద్దాం. తల్లి పేరు అడిగి ఆమె పేరు కూడా పూర్తిగా రాద్దాం.

ఎదురుగా నిలబడ్డప్పుడు

మనిషి ముందు నిలబడితే మన వాళ్ల తల ముందు వంగుతుంది, తర్వాత నోరు తెరుచుకుంటుంది. చెప్పులు విడిచి నడిచిన తాతల కాళ్లు ఆ గుర్తును మనకు ఇచ్చి పోయినయి. దాన్ని సాధనతోనే వదిలించుకోవాలె. కళ్లల్లోకి చూసి ‘నమస్తే’ అనండి, ‘జై భీమ్’ అనండి. పేరు పూర్తిగా, నిదానంగా చెప్పండి. అవతలివాళ్లు కుర్చీ చూపిస్తే కూర్చోండి. చూపించకపోతే ‘కూర్చోవచ్చా’ అని అడిగి కూర్చోండి. ‘ఏదో నాకు కొంచెం వచ్చు సార్’ అనవద్దు. వచ్చింది వచ్చని, రానిది నేర్చుకుంటానని చెప్పండి. చదువు గురించి చెప్పుకోవటం గర్వం అనుకోవద్దు. బాబాసాహెబ్ తన పుస్తకాల మీద పేరు పక్కన ఎం.ఏ., పీహెచ్‌డీ, డీఎస్సీ, బారిస్టర్ అని అచ్చు వేయించుకున్నాడు. ఆ అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కో గుడి తలుపు పగలగొట్టినంత పని చేసినయి. గేటు మీద ర్యాంకు రాసుకున్నవారికి లేని మొహమాటం మనకెందుకు?

ఇక అసలు ముడి. పేరు చెప్పాక రెండో ప్రశ్న వస్తుంది. ఇంటి పేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు? మీ నాన్న ఏం చేస్తాడు? మీరేమోళ్లు? ఇల్లు అద్దెకు పోతే ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న బోర్డు అదే ప్రశ్నను ఇంకో తీరుగా అడుగుతుంది.

ఇక్కడ మనలో రెండు వాదాలున్నయి. దాచుకోవటమే తెలివి, ఉద్యోగం పర్మినెంటు అయ్యేదాకా నోరు మెదపవద్దు అని కొందరు. దాచటం ద్రోహం, ప్రతిచోటా చెప్పి తీరాలె అని ఇంకొందరు. మా మాట వేరు. అద్దె ఇల్లు పోతుందని భయపడి దాచుకున్న ఆడబిడ్డను పిరికిది అనే హక్కు ఎవరికీ లేదు. ఆమె భయాన్ని పుట్టించినవాణ్ణి ముందు అడగాలె. పేరు చివర కులం రాసుకున్నవాణ్ణి కులవాది అనే హక్కు కూడా, మూడు తరాలుగా శర్మ అని రాసుకుంటున్నవాళ్లకు లేదు. మనంతట మనం చెప్పుకుంటే కులం జెండా. ఎదుటివాడు కూపీ లాగి రాబడితే అదే సంకెల. జెండా ఎప్పుడు ఎత్తాలో ఎత్తేవాడు నిర్ణయించుకోవాలె.

పని తీరుగా చెబితే ఇది. స్కాలర్‌షిప్పు, హాస్టలు, సర్కారు కొలువు, సబ్సిడీ లోను - కులం రాయవలసిన చోట తల ఎత్తి రాయండి. అది భిక్ష కాదు, రాజ్యాంగం ఇచ్చిన వాటా. ఆ పనితో సంబంధం లేని చోట అడిగితే, ‘ఈ ఉద్యోగానికి దానితో పనేముందో చెబుతారా?’ అని శాంతంగా తిరిగి అడగండి. ఆ ఒక్క వాక్యం ఇంట్లో పదిసార్లు అని అలవాటు చేసుకోండి. అవసరమైన రోజు నోటికొస్తుంది. పదిమంది చూసే, వినే చోట కులం పేరుతో తిట్టినా, కావాలని అవమానించినా 1989 అట్రాసిటీల నిరోధక చట్టం ఉంది, సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ఉన్నయి. తేదీ, సమయం, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకొకరిని పరిచయం చేసేటప్పుడు

మనల్ని మనం చెప్పుకోవటం సగం పనే. ఇంకొకరి గురించి చెప్పటం ఇంకా బాధ్యతగల పని, ఎందుకంటే ఆ మనిషి పరువు మన నోట్లో ఉంటుంది. ‘మన ఎస్సీ కుర్రాడు సార్, పాపం బాగా చదువుతాడు’ అని మెచ్చుకునే పెద్దమనుషులు మనకు తెలుసు. ఆ ‘పాపం’లోనే పోటు ఉన్నది. అమెరికాలో 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడని పై అధికారి తోటివాళ్లకు చెప్పాడన్నది ఆ ఫిర్యాదులో ఒక ఆరోపణ. కంపెనీ కాదన్నది. 2023లో ఇద్దరు అధికారుల మీద కేసును ఆ శాఖే వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. కేసు ఎట్లా పోయినా, ఏడు సముద్రాలు దాటినా ‘వీడు ఫలానా’ అన్న పరిచయం మన వెంట వస్తుందన్న సంగతి లోకానికి తెలిసింది. ఒకరి కులం ఇంకొకరి నోట రాకూడదు. అది చెప్పుకోవలసింది ఆ మనిషే.

ఇద్దరిని మెయిల్లో కలిపేటప్పుడు పెళ్లి సంబంధం కలిపేవాళ్ల పద్ధతి గుర్తు తెచ్చుకోండి. రెండు వైపులా అడిగాకే మాట కలుపుతారు. చెప్పకుండా ఒకరి నంబరు ఇంకొకరికి ఇవ్వవద్దు. ఇద్దరూ సరే అన్నాక, వీరు ఎవరు, ఏం పని చేస్తారు, వారితో ఎందుకు మాట్లాడాలనుకుంటున్నారు అని నాలుగు వాక్యాల్లో రాసి పక్కకు తప్పుకోండి. సాయం పొందినవాళ్లు ఒకటి రెండు రోజుల్లో జవాబు రాయాలె. సంఘం సభ్యులు యాభైమందికి ఒకేసారి మెయిల్ పంపితే చిరునామాలన్నీ ‘బీసీసీ’ గడిలో పెట్టండి. ‘సీసీ’లో పెడితే అందరి చిరునామాలు అందరికీ పోతయి. అట్లా పోయినవి ఎవరి చేతికైనా చిక్కవచ్చు, ఊరి పెత్తందారు చేతికైనా.

చివరిగా వరస. ఆఫీసు మర్యాదలో ఒక నియమం ఉంది. చిన్నవాళ్లను పెద్దవాళ్లకు పరిచయం చేయాలె, పెద్దవాళ్ల పేరు ముందు పలకాలె. మంచిది, ఆ నియమాన్నే పట్టుకుందాం. మరి పెద్ద ఎవరు? భూమి కాగితం కోసం వచ్చిన అవ్వ ఈ దేశ పౌరురాలు, ఆమె పని చేయటానికి జీతం తీసుకునేవాడు అధికారి. కాబట్టి ‘సార్, ఈమెకేదో పనుందంట’ అనవద్దు. ‘అవ్వా, ఈయన మన మండలం తహసీల్దారు గారు. సార్, వీరు ఫలానా అమ్మగారు, ఫలానా ఊరు, రెండెకరాల పాస్‌బుక్ గురించి మాట్లాడటానికి వచ్చారు’ అనండి. వరస మారితే గదిలో గాలి మారుతుంది. మన సభల్లోనూ ఇదే జరగాలె. వేదిక మీది మగవాళ్లకు బిరుదులన్నీ చదివి, ఆడవాళ్లను ఫలానా వారి భార్య అనే పద్ధతి పోవాలె. అంగన్‌వాడీ ఆయమ్మ, పారిశుధ్య కార్మికురాలు మైకు ముందుకొస్తే పేరు, చేసిన పని, ఎన్నేండ్లు చేసిందీ చెప్పి పిలవండి. కల్నల్ గారికి ర్యాంకు ఎట్లనో, ముప్పై ఏండ్ల పని ఆమెకు అట్ల.

మిత్రులారా, దీనికి డబ్బు అక్కరలేదు, పర్మిషన్ అక్కరలేదు. ఈ నెలలో ప్రతి వాడలో, అంబేద్కర్ భవనంలోనో చెట్టు కిందనో, ఒక సాయంత్రం కూర్చోండి. పిల్లలను ఒక్కొక్కరిని నిలబెట్టి పేరు, చదువు, ఏం కావాలనుకుంటున్నారో చెప్పించండి. డిగ్రీ పిల్లలతో ఒక మెయిల్ రాయించి అందరి ముందు చదివించండి. తర్వాత అవ్వలను, అయ్యలను కూడా నిలబెట్టండి. ఇన్నేండ్లు ఎవరూ అడగని తమ పూర్తి పేరును వాళ్లు పదిమందిలో గట్టిగా చెప్పనివ్వండి. చప్పట్లు కొట్టండి. రేపు ఏ ఆఫీసులోనైనా ‘నువ్వెవరు’ అన్నప్పుడు ఆ చప్పట్లే వెన్నులో నిలబడతయి.

జై భీమ్.